ఛోటీ లైన్ గేటు దగ్గర దిగిన అద్దం

1998, ఫిబ్రవరి. రాయ్‌పూర్‌లో భన్‌పురి దగ్గర మా వర్క్‌షాప్. అప్పటికి మా ఊరు మధ్యప్రదేశ్‌లో ఒక మూల. ఇప్పుడు కొత్త రాష్ట్రానికి రాజధాని అయింది గానీ, భన్‌పురి రోడ్డు మీద గుంతలకు ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. నేను ఆటో ఎలక్ట్రీషియన్ని. బండిలో ఇనుమూ నూనే మెకానిక్కులవి. వైర్లూ నిప్పురవ్వలూ నిందలూ నావి.

ఆ రోజుల్లో సిల్తారాలో ఇనుము ఫ్యాక్టరీలు పెట్టినవాళ్ళూ, మా భన్‌పురిలో లారీలు తిప్పేవాళ్ళూ పెద్ద పెద్ద విదేశీ బండ్లు కొనడం మొదలుపెట్టారు. చూడ్డానికి జీపులాగే ఉంటుంది, కానీ జీపు అంటే ఓనరుకి కోపం వస్తుంది. లోపల ఏసీ, మెత్తటి తోలు సీట్లు, నొక్కితే దిగే అద్దాలు. ఇలాంటి బండి కొన్నవాళ్ళలో రెండు రకాలు చూశాను. మొదటివాళ్ళు, “ఇంజను ఆన్‌లో ఉందో లేదో కూడా తెలీదు భయ్యా, అంత సైలెంటు!” అని పొగిడేవాళ్ళు. రెండోవాళ్ళు, అలా తెలియకే, నడుస్తున్న ఇంజన్ని మళ్ళీ స్టార్ట్ చేసి, స్టార్టర్ పళ్ళు అరగదీసుకుని మా దగ్గరికి వచ్చేవాళ్ళు. చాలామంది మొదటి నెలలో మొదటి రకం, రెండో నెలలో రెండో రకం.

నిజం చెప్పుకోవాలి, బండ్లు మాత్రం మంచివి. సిల్తారా నల్ల దుమ్ము ఏసీలోకీ, కల్తీ డీజిల్ పంపులోకీ పోకుండా చూసుకుంటే ఏళ్ళ తరబడి నోరెత్తవు. అందుకే రమణ గారి బండి నోరెత్తిందని విన్నప్పుడు నాకు ఆసక్తి కలిగింది. దాని కంపెనీ పేరు చెప్పను. చివరికి తేలిందేమిటంటే, పాపం దాని తప్పేమీ లేదు.

రమణ గారిది లారీల వ్యాపారం. వాళ్ళ నాన్న అప్పలస్వామి గారు టెక్కలి నుంచి కుర్రతనంలోనే వచ్చి, ఛోటీ లైన్ మీద బొగ్గు ఇంజన్లో ఫైర్‌మన్‌గా చేరారట. ఛోటీ లైన్ అంటే రాయ్‌పూర్ నుంచి అభన్‌పూర్ మీదుగా ధమ్‌తరీ వెళ్ళే చిన్న పట్టాల రైలు. పక్కన సైకిలు తొక్కేవాడితో మాట్లాడుతూ ప్రయాణం చెయ్యచ్చు. తర్వాత ఆయన ఉద్యోగం మానేసి ఒక లారీ, ఆ లారీ కడుపున మరికొన్ని లారీలు, ఆఖరికి ఈ పెద్ద బండి కొన్నారు. కొన్నాక ఎప్పుడూ ముందు ఎడమ సీట్లోనే కూర్చునేవారు. కిందటి దసరా వెళ్ళాక, అభన్‌పూర్‌కి ఇవతల రైల్వే గేటు దగ్గర, అదే సీట్లో పోయారు. గేటు పడి ఉంది, రైలు వస్తోంది. అద్దం దించి, పాత అలవాటు కొద్దీ రైలు డ్రైవరుకి చెయ్యి ఎత్తారు. రైలు వెళ్ళిపోయింది. చెయ్యి కిటికీ మీదే ఉండిపోయింది. కునుకు పట్టిందనుకుని ఇంటిదాకా తీసుకొచ్చేశాడు డ్రైవరు బుధారూ.

ఇది నాకు రమణ గారు చెప్పలేదు, బుధారూ చెప్పాడు. రమణ గారు చెప్పింది ఇంకొకటి.

“తమ్ముడూ, ఈ గాడీలో ఏదో గడ్‌బడ్ ఉంది. హారన్ కొడతంది.”

“కొట్టడం దాని డ్యూటీయే కదా భయ్యా.”

“ఎవలూ నొక్కకుండా కొడతంది. పొద్దున్నే. రెండుసార్లు, ఛోటా ఛోటా.” ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “నాన్న ఇంటి గేటు దగ్గరకొచ్చి అలాగే కొట్టించేవోరు. ఇంకోటి. నాన్న పోయిన గేటు కాడ ఆగితే, లెఫ్ట్ సైడు అద్దం దానంతటదే దిగిపోతంది.”

“ఏసీ ఆన్‌లో ఉంటేనా? అయితే కరెంటు దండగ.”

ఆయన నవ్వలేదు. “మజాక్ కాదు. మా ఆవిడకి ఇప్పుడు ఏడో నెల. ఆ బండి ఎక్కనంటే ఎక్కనంటంది. సిల్తారాలో ఒక సేఠ్ అడుగుతన్నాడు, హోలీ దాటగానే ఇచ్చెయ్యమని. అమ్మేమో, ఆయన అందులో ఉంటే ఎలాగ అమ్ముతావురా అంటంది. నువ్వు ఫాల్ట్ పట్టుకున్నావా, బండి ఉంటది. లేదా, హోలీ తర్వాత సిల్తారా. అంతే.”

అలా ఒక పెద్దాయన ఇంట్లో ఉండాలా సిల్తారా వెళ్ళాలా అన్నది నా టెస్ట్ ల్యాంప్ మీద పడింది. టెస్ట్ ల్యాంప్ అంటే ఒక సూది, ఒక వైరు, ఒక చిన్న బల్బు. కరెంటు ఉంటే వెలుగుతుంది. అంతకుమించి దాని దగ్గర తెలివేమీ ఆశించకూడదు, కొన్నవాడి దగ్గర కూడా.

బండిని వర్క్‌షాప్‌లో పెట్టుకున్నాను. ఎడమ సీటు మీద తెల్ల తువ్వాలు మడతపెట్టి ఉంది. డోరు స్విచ్చి చూద్దామని దాన్ని పక్కకి నెట్టి కూర్చున్నాను. బుధారూ ముఖం పాలిపోయింది.

“భయ్యా, ఉహా మత్ బైఠో,” అక్కడ కూర్చోవద్దు అన్నాడు. “గాడీ మా బబా బైఠే హే.”

బండిలో తాతగారు కూర్చున్నారట. “అయితే కొంచెం జరగమని చెప్పు,” అన్నాను గానీ, ఎందుకో నేనే కొంచెం జరిగాను. సీటు పెద్దదిలే.

హారన్ విప్పాను. దాని రిలే మార్చాను. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని పిలిచే డబ్బా. గుమాస్తా వెళ్ళి యజమానిని పిలుచుకొచ్చినట్టు. అద్దం మోటారు చూశాను, స్విచ్చిలు చూశాను. అంతా శుభ్రం. రోజులు గడిచాయి. బండి బంగారంలా ఉంది. హారన్ నొక్కితేనే కొడుతుంది, అద్దం అడిగితేనే దిగుతుంది. మా వృత్తిలో దీన్ని ఇంటర్మిటెంట్ ఫాల్ట్ అంటారు. కస్టమర్ దగ్గర ఉన్నప్పుడు వస్తుంది, మన దగ్గరికి రాగానే పోతుంది. డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గే పంటినొప్పి లాంటిది. మన ముందు వెయ్యని వేషం ఇంట్లోనే వేస్తుంది కాబట్టి, ఇంటికే వెళ్ళాలి.

బండిని ఇంటికి పంపించి, మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. తెల్లవారింది గానీ ఎండ ఇంకా రాలేదు. మంచు పలచగా పట్టి ఉంది. వాళ్ళ ఇల్లు రోడ్డు కంటే ఎత్తులో ఉంటుంది. గేటు నుంచి పోర్టికో దాకా సిమెంటు వాలు. బండిని ఆ వాలు మీదే, ముక్కు ఇంటివైపు పెట్టి నిలబెట్టారు. తాళం రాత్రే బుధారూ చేత తెప్పించుకున్నాను, నా జేబులో ఉంది. బానెట్ మీద మంచు నీళ్ళు. కాకులు కూడా మాట్లాడటం లేదు.

హారన్ మోగింది. చిన్నగా. ఆగి, మళ్ళీ చిన్నగా.

నేను బండి అద్దంలోంచి లోపలికి చూశాను. తెల్ల తువ్వాలు మాత్రం ఉంది. జేబు తడిమాను. తాళం ఉంది. చూడాల్సిన చోట్లన్నీ చూశాక ఇంక మనిషికి చూడటానికి ఏమీ మిగలదు చూడండి, అప్పుడు వేసే చలి వేరే.

ఇంతలో తలుపు తీసుకుని రమణ గారి అమ్మ నారాయణమ్మ గారు వచ్చారు. నన్ను చూడనట్టే వాలు దిగి వెళ్ళి గేటు తెరిచారు, రెండు రెక్కలూ పూర్తిగా. పక్కకి తప్పుకుని నిలబడ్డారు, ఎవరికో దారి ఇచ్చినట్టు. రోడ్డు మీద మంచు తప్ప ఏమీ లేదు. కాసేపయ్యాక, వచ్చేవాళ్ళు వచ్చేసినట్టు, గేటు మూసి గడియ పెట్టారు. నేను సాక్షిని కాబట్టి చెబుతున్నాను: ఒక కుక్క కూడా లోపలికి రాలేదు.

“పెందరాలే వచ్చినావేటి బాబూ? టీ తాగుతావా?” అన్నారు వెనక్కి వస్తూ.

“అమ్మగారూ, గేటు ఎందుకు తీశారు?”

“హారన్ కొట్టినారు గదా.”

“ఎవరు?”

ఆవిడ నన్ను జాలిగా చూశారు. “ఇన్నేళ్ళు ఆ హారన్ ఇన్నాక, ఎవులు కొట్టినారని అడుగుతానా నాను?”

టీ తాగుతూ పోర్టికో మెట్టు మీద కూర్చున్నాం. బండి ఎప్పుడెప్పుడు ఇలా చేస్తుందో అడిగాను. వైద్యుడు అడిగినట్టే అడగాలి: ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ.

“నానున్నప్పుడు ఎక్కువ,” అన్నారావిడ, అందులో గర్వం ఏమీ దాచుకోకుండా. “మొన్న మా సెల్లి కూతురి పెళ్ళికని టెక్కలి ఎళ్ళి నెల్లాళ్ళున్నాను. ఆ నెల్లాళ్ళూ బండి పలకనేదు. మా రమణ ఫోను సేసి, బాగైపోనాదమ్మా అని ఒకటే సంబరం. నాకు తెల్దేటి? నాతోపాటే టెక్కలి వచ్చీసినారు.”

“టిక్కెట్టు లేకుండానా?”

“రైల్వేవోలికి టిక్కెట్టేటి బాబూ?”

ఊళ్ళో వాళ్ళందరి నాటకాలకీ సూది గుచ్చే పని నాది అనుకుంటూ తిరిగేవాణ్ణి. ఆవిడ టీ ఊదుకుంటూ నాకే గుచ్చేశారు. కాసేపటికి గ్లాసు కింద పెట్టి అడిగారు.

“నువ్వు బాగుసేసీస్తే మరింక రారేటి?”

“ముందు ఫాల్ట్ దొరకనివ్వండి అమ్మగారూ.”

“దొరక్కపోతే బండి పోతాది. దొరికితే ఆయన పోతారు. దొరకాలని మొక్కుకోమంటావా, దొరకొద్దని మొక్కుకోమంటావా?”

సిద్ధంగా ఉన్న జోకుని టీతో పాటు మింగేశాను. “టీ బాగుందండీ,” అన్నాను.

వచ్చే అమావాస్యకి ఆవిడతో పాటు ఆ రైల్వే గేటు దగ్గరికి వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. ప్రతి అమావాస్యకీ మధ్యాహ్నం అక్కడికి వెళ్ళి వస్తారట. ఆ రోజు బయల్దేరేముందు బండికి పూజ చేశారు. అందరూ కొబ్బరికాయ బండి ముందు నేల మీద కొడతారు. ఆవిడ మాత్రం కొట్టిన కాయలోని నీళ్ళు, ఒక చుక్క కింద పడకుండా, ముందు అద్దం అడుగున ఎడమ మూలకి, సరిగ్గా ఆయన సీటుకి ఎదురుగా పోశారు. ఒక చెంబు మంచినీళ్ళు కూడా. అక్కడే బంతిపూలు, పసుపు అక్షింతలు. అయ్యాక ఒక నిమ్మకాయ తీసుకెళ్ళి లోపల డాష్‌బోర్డు మీద పెట్టారు. నేను చూస్తూనే ఉన్నాను. చూస్తూనే ఉండటం, కనిపించడం వేరువేరు పనులని తర్వాత తెలిసింది.

బుధారూ నడుపుతున్నాడు. వెనక సీట్లో నేనూ, నారాయణమ్మ గారూ. ముందు ఎడమ సీట్లో తువ్వాలు. ఖాళీ సీటుని వెనకనుంచి చూస్తూ అంతదూరం ప్రయాణం చెయ్యడం ఎలా ఉంటుందంటే, ముందు కూర్చున్నాయన ఎప్పుడు వెనక్కి తిరుగుతాడా అని మెడ బిగుసుకుపోతుంది. నాకు మెడనొప్పి అని బుధారూకి చెప్పాను. వాడు నమ్మలేదు.

గేటు పడి ఉంది. రోడ్డు పట్టాల కట్ట మీదికి ఎక్కేచోట బండి ఆపాడు. ఇంజను ఆపేశాడు. భజన కేసెట్ కోసం తాళం ఆన్‌లోనే ఉంచి, పెద్దావిడ ముఖం చూసి, కేసెట్ కూడా ఆపేశాడు. రెండు పక్కలా కోసేసిన వరి చేలు, తెల్లటి ఎండ. ఇంకో బండి లేదు. గేటువాలా పచ్చజెండా చంకలో పెట్టుకుని దూరంగా చూస్తున్నాడు. ఎక్కడినుంచో పట్టాల్లో సన్నటి రొద మొదలైంది, ఇంకా రైలు కనిపించకుండానే.

బుధారూ కాలి బ్రేకు వదిలాడు. బండి హ్యాండ్‌బ్రేకు మీద కొంచెం వెనక్కి సర్దుకు కూర్చుంది. డాష్‌బోర్డు మీద నిమ్మకాయ కదిలింది. మెల్లగా దొర్లుకుంటూ అంచుదాకా వచ్చి, కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, సరిగ్గా ఎడమ సీట్లో, తువ్వాలు మీద పడింది.

“దేఖ్ భయ్యా,” అన్నాడు బుధారూ, గుసగుసగా.

దయ్యాలకి నిమ్మకాయంటే భయం అని విన్నాను. ఇదేమో వెళ్ళి ఒళ్ళో కూర్చుంది. ఆ మాట పైకి అందామని నోరు తెరిచాను. అప్పుడు అద్దం కదిలింది.

ఎవరూ ముట్టుకోలేదు. నేను స్విచ్చినే చూస్తున్నాను. ఎడమ అద్దం కొంచెం దిగింది. ఆగింది. మళ్ళీ కొంచెం దిగింది. ఆగింది. వయసు మళ్ళిన మనిషి ఒక్కో మెట్టూ దిగినట్టు దిగింది. బయటి ఎండా, ఎండుగడ్డి వాసనా, రైలు చప్పుడూ ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. చిన్న రైలు మా ముందునుంచి వెళ్తోంది. ఇంజను కిటికీలోంచి డ్రైవరు మోచెయ్యి బయట పెట్టి కూర్చున్నాడు. నారాయణమ్మ గారు ముందుకి వంగి, ఆ తెరిచిన కిటికీ వైపు చెయ్యి ఎత్తారు. రైలు డ్రైవరు మావైపు చూశాడు. తనూ చెయ్యి ఎత్తాడు.

నా మెడమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. రైలు వెళ్తుంటే లేచి నిలబడాలని వాటికెవరు చెప్పారో.

గేటు లేచాక బండి వెనక్కి తిప్పించాం. నిమ్మకాయని నేను తీసి చేతిలో పట్టుకున్నాను. సీట్లో వదిలెయ్యడానికి ధైర్యం చాల్లేదు, జేబులో పెట్టుకోవడానికి అంతకంటే చాల్లేదు. సగం దారిలో, చేతిలో దాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే, మామూలు సంగతి ఒకటి తట్టింది. నిమ్మకాయ పిలిస్తే రాదు. పల్లానికి దొర్లుతుంది. గేటు దగ్గర బండి ముక్కు పైకి లేచి ఉంది కాబట్టి వెనక్కి దొర్లింది. ఇంటిదగ్గర వాలు మీద కూడా ముక్కు పైకే. మా వర్క్‌షాప్ నేల మాత్రం చదును. అక్కడ బండి నోరెత్తలేదు.

పల్లానికి పోయేది నిమ్మకాయ ఒక్కటే కాదు. నీళ్ళు కూడా.

వర్క్‌షాప్‌లో మర్నాడు ముందు అద్దం అడుగున నల్ల జాలీ విప్పాను. వైపర్లు పుట్టే చోటు అది. దాని కింద రేకు తొట్టి ఒకటి ఉంటుంది, కౌల్ అంటారు. వాన నీళ్ళు అందులో పడి, రెండు మూలలా ఉన్న బెజ్జాల్లోంచి బయటికి పోవాలి. జాలీ ఎత్తి చూసి, చేతిలో దాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

లోపల మొక్కలు మొలిచాయి.

బంతి మొలకలు. ఎండ తగలక తెల్లగా, దారాల్లా సన్నగా, అన్నీ ఒకేవైపు వంగి ఉన్నాయి, జాలీ సందుల్లోంచి వచ్చే కాస్త వెలుతురు వైపు. వాటి కింద కుళ్ళిన పూలరేకులు, ఉబ్బిన అక్షింతలు మెత్తలా పేరుకుని బెజ్జాన్ని మూసేశాయి. ఆ మెత్త నిండా పీల్చుకున్న కొబ్బరినీళ్ళు, రోజుల తరబడి ఆరనివి. చేత్తో ముట్టుకుంటే చల్లగా, జిగటగా, పులిసిన వాసన. దయ్యం అయితే మంత్రం వేసేవాళ్ళని పిలవచ్చు. ఇదెవరి డిపార్టుమెంటు? వ్యవసాయ శాఖదా?

సంగతి ఇది. బండి ముక్కు పైకి లేస్తే, తొట్టిలో నిలిచిన నీళ్ళు వెనక్కి జరిగి, వైర్లు లోపలికి పోయే రబ్బరు బిరడా పక్కనుంచి కారుతాయి. ఆ వైర్ల కింద, ఎడమ సీట్లో కూర్చున్నవాళ్ళ కాళ్ళ దగ్గర ఒక కనెక్టర్ ఉంది; చాలా వైర్లు ఒకచోట కలుసుకునే డబ్బా. హారన్ వైరూ, ఎడమ అద్దం వైరూ అందులోనే ఇరుగుపొరుగు. కొబ్బరినీళ్ళలో ఉప్పు ఉంటుంది కాబట్టి కరెంటు బాగా పారుతుంది. పిన్నులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. చుక్క పడితే, తాళంతో పనిలేని హారన్‌కి ఎవరో నొక్కినట్టు, తాళం ఆన్‌లో ఉంటే అద్దానికి ఎవరో దించమన్నట్టు. ఆరితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు. ఆవిడ టెక్కలిలో ఉన్న నెల్లాళ్ళూ పూజ లేదు, నీళ్ళు లేవు, ఆయనా లేరు. తిరిగి వచ్చాక, ఆయన శాంతించాలని మళ్ళీ నీళ్ళు. నీళ్ళు పోసినకొద్దీ ఆయన రావడం. వచ్చినకొద్దీ ఇంకా నీళ్ళు.

రమణ గారికి ఫోను చేశాను. “అమ్మ కళ్ళతో చూడాలి,” అని వెంటనే తల్లిని తీసుకుని వచ్చేశారు. నేను ఇంకా ఏమీ శుభ్రం చెయ్యలేదు. ముందు చక్రాలు జాకీ మీద ఎత్తి, తాళం ఆన్ చేసి, చెంబెడు నీళ్ళు తొట్టిలో పోశాను. అందరం నిలబడి చూశాం. మిగతా పనివాళ్ళు కూడా పానాలు కింద పెట్టేశారు.

హారన్ చిన్నగా మోగింది. ఎడమ అద్దం కొంచెం దిగింది. ఆగింది. మళ్ళీ దిగింది.

“చూసావా అమ్మా!” రమణ గారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. “నీళ్ళు! ఒట్టి నీళ్ళు! ఇంకేం లేదందులో!”

నారాయణమ్మ గారు అద్దం పూర్తిగా దిగేదాకా చూశారు. తర్వాత నా చేతిలో చెంబుని చూశారు.

“అంటే, నాను నీళ్ళు ఒదిల్తే వచ్చీవోరన్నమాట,” అన్నారు.

“అది కాదమ్మా…”

“అమావాస్యకి నీళ్ళు ఒదలండి, పెద్దలొస్తారనే గదరా పంతులుగారు సెప్పింది? నువ్వు నమ్మనేదు. ఈ బాబు నీ కళ్ళకి కట్టినట్టు సూపించీసినాడు.”

రమణ గారు నావైపు చూశారు, నువ్వైనా ఏదో ఒకటి చెప్పు అన్నట్టు. నేను చెంబువైపు చూశాను. ఫాల్ట్‌ని నేను రుజువు చేశాననుకున్నాను. అదే రుజువు, అక్షరం మారకుండా, ఆవిడది కూడా అయిపోయింది. మల్టీమీటరు ఎక్కడ ఆనించి ఆ మాటని కొలవాలో తెలియలేదు.

కాసేపటికి ఆవిడే నన్ను పక్కకి పిలిచారు. గొంతులో వెటకారం లేదు.

“నిజం సెప్పు బాబూ. దీన్ని ఇలాగే ఒదిలేస్తే ఏటవుతాది?”

అబద్ధం చెప్పడానికి వీలున్న చోటు అది. “ఆ పిన్నులు వేడెక్కుతున్నాయి అమ్మగారూ. ఒకరోజు అద్దం దిగడంతో ఆగదు. వైరు అంటుకుంటుంది. లోపల ఎవరున్నారో అది చూసుకోదు.”

ఆవిడ తొట్టిలోకి వంగి తెల్ల మొలకల్ని చూశారు. చాలాసేపు చూశారు.

“కోడలు కడుపుతో ఉంది. తీసీ బాబూ,” అన్నారు. తర్వాత, “అవి మాత్రం పారీకు.”

మొలకల్ని మట్టితో సహా ఖాళీ ఆయిలు డబ్బాలో పెట్టి ఇచ్చాను. బతకవని కూడా చెప్పాను. బతకలేదు. రెండురోజుల్లోనే వాలిపోయాయని బుధారూ చెప్పాడు.

కనెక్టర్ మార్చాను. కౌల్ కడిగాను, బిరడా కొత్తది వేసి చుట్టూ సీలు చేశాను. ఇక టెస్ట్ డ్రైవ్. టెస్ట్ ఎక్కడ చెయ్యాలో వేరే చెప్పక్కర్లేదు. బుధారూ, నేనూ ఆ గేటు దగ్గరికే వెళ్ళాం. రైలు వేళకి వాలు మీద ముక్కు పైకెత్తి నిలబెట్టి, అద్దం అడుగున బకెట్టు నీళ్ళు కుమ్మరించాను. నీళ్ళు వెళ్ళాల్సిన బెజ్జంలోంచి వెళ్ళి రోడ్డు మీద పడ్డాయి. నేను ఎక్కి ఎడమ సీట్లోనే కూర్చున్నాను. హారన్ లేదు. అద్దం కదల్లేదు. నా పని నెగ్గింది. బండి లోపల ఎంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడు తెలిసింది. అంత డబ్బు ఈ నిశ్శబ్దానికే పెడతారు కాబోలు.

రైలు వచ్చింది. ఇంజను కిటికీలో డ్రైవరు మోచెయ్యి పెట్టుకుని ఉన్నాడు. మా బండిని దూరంనుంచే గుర్తుపట్టినట్టున్నాడు, చెయ్యి సగం లేచింది. మూసి ఉన్న అద్దం చూసి, సగంలోనే ఆగింది.

నా వేలు స్విచ్చి మీద పడింది. ఒక్క నొక్కుతో జర్రున దించెయ్యచ్చు. అలా దించబుద్ధి కాలేదు. కొంచెం నొక్కి వదిలాను. మళ్ళీ కొంచెం నొక్కి వదిలాను. అద్దం ఆగి ఆగి దిగింది. నేను చెయ్యి ఎత్తాను. రైలు డ్రైవరు చెయ్యి పూర్తిగా లేచింది. ఆయన ఎవరికి ఎత్తాడో నేను అడగలేదు. జాబ్ కార్డులో “ఫాల్ట్ సరిచేయబడింది” అని మాత్రం రాశాను.

బండి ఇచ్చే రోజు నారాయణమ్మ గారు వచ్చి ఒకటే అడిగారు. “ఆ అద్దం నాను దించాలంటే ఏది నొక్కాల?”

“ఆ స్విచ్చి ఈ సీటు పక్క తలుపు మీదే ఉంది అమ్మగారూ. ఇక్కడ కూర్చోవాలి.”

ఎవరూ కూర్చోని సీటు. ఆవిడ తువ్వాలు తీసి, ఒళ్ళో పెట్టుకుని, కూర్చున్నారు. రమణ గారు అటు తిరిగి ఎవరితోనో లారీల సంగతి మాట్లాడటం మొదలుపెట్టారు. అటువైపు ఎవరూ లేరు. ఆవిడ స్విచ్చి నొక్కారు. అద్దం జర్రున దిగిపోయింది.

“ఇంత జోరుగా దిగుతాదేటి?” ఆవిడ ముఖం చిట్లించారు. “ఆయనకి నచ్చదు.”

“అలా కాదు అమ్మగారూ. నొక్కి వదలండి. ఆగండి. మళ్ళీ నొక్కి వదలండి.”

ఆవిడ నొక్కి వదిలారు. ఆగారు. నొక్కి వదిలారు. నాలుగైదుసార్లు పైకీ కిందకీ చేశాక సరిగ్గా కుదిరింది. బుధారూ తల పక్కకి తిప్పుకున్నాడు. ఈసారి భయంతో కాదు.

బండి సిల్తారా వెళ్ళలేదు. వేసవిలో మనవరాలిని ఆస్పత్రి నుంచి అందులోనే తెచ్చారు. అమావాస్య అమావాస్యకీ ఆవిడ గేటుదాకా వెళ్ళి వస్తూనే ఉన్నారు. కొబ్బరికాయ నేల మీదే కొడుతున్నారు, నీళ్ళు చక్రం పక్కన మట్టిలో వదులుతున్నారు. అద్దం తనే దించుతారు.

ఆ కేసు తర్వాత, ఎంత గొప్ప బండి వచ్చినా, దానంతటదే ఏదో చేస్తోందని ఎవరు చెప్పినా, నేను టెస్ట్ ల్యాంప్ తియ్యకముందే రెండు ప్రశ్నలు అడుగుతాను. అలా చేసినప్పుడు బండి ఏ వాలు మీద నిలబడి ఉంది? ఆ సీట్లో ఎవరు కూర్చునేవారు? మొదటిది ఫాల్ట్ పట్టుకోవడానికి. రెండోది, పట్టుకున్నాక బండి తిరిగి ఇచ్చేటప్పుడు ఏం నేర్పి పంపాలో తెలుసుకోవడానికి. రెండో ప్రశ్నకి కస్టమర్లు నవ్వుతారు. నవ్వనిస్తాను. నవ్వించడం ఎలాగూ నా అలవాటే.